జార్జి బిజే: రంగస్థలము నుండి వీడియో ఆటల దాక

లలితకళలలో సంగీతమునకు ఒక ప్రత్యేకత కలదు. శిల్పమును దాని పీఠము నుండి కదల్చుట కష్టము. గోడమీది చిత్రమును చూడగోరువాడు ఆ గోడ యున్న చోటికి పోవలెను. పాట అట్టిది కాదు. అది ఒక నోటి నుండి మఱియొక నోటికి, ఒక వాద్యము నుండి మఱియొక వాద్యమునకు, ఒక దేశము నుండి మఱియొక దేశమునకు నడచిపోవును. అట్లు నడచిపోవునపుడు దాని కర్త పేరు తఱచుగా వెనుకనే యుండిపోవును. బాణీ మాత్రము ముందుకు సాగును.

నేటి మన పిల్లల చెవిని పడుచున్న సంగీతములో కొంత భాగము చేతి ఫోనులలోను, కంప్యూటరులలోను వారు ఆడుకొను వీడియో ఆటల నుండి వచ్చుచున్నది. తల్లిదండ్రులలో పలువురు ఆ ధ్వనినంతయు వట్టి గోలగా భావింతురు. అందు గోల కొంత యున్నమాట నిజమే. కాని ఆ గోల నడుమ, నూటయేబది సంవత్సరముల క్రిందట పారిస్ నగరములో ఒక సంగీతకర్త వ్రాసిన బాణీ వినిపించుచున్నదని తెలిసినచో, మనము ఒక క్షణమాగి చెవి యొగ్గుదుము. ఆ సంగీతకర్త పేరు జార్జి బిజే. ఆయన జీవితమును, ఆయన రచించిన 'కార్మెన్' అను సంగీత రూపకమును, అందలి బాణీలు వీడియో ఆటలలోనికి వచ్చిన విధమును తల్లిదండ్రులకు తెలియజేయుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఒపేరా అనగా నేమి?

పాశ్చాత్యులు ఒపేరా అని పిలుచునది సంగీత ప్రధానమైన నాటకము. పాత్రలు తమ మాటలను పాటగా పాడుదురు. రంగస్థలము ముందు కొంచెము లోతుగా నున్న చోట వాద్యకారులు కూర్చుండి, పాటకు తోడుగాను, పాట లేనిచోట తమంత తాముగాను వాయింతురు. తెర లేవకముందు వాద్యములు మాత్రమే వాయించు భాగము ఒకటి ఉండును. రాబోవు కథలోని ముఖ్యమైన బాణీలను అది శ్రోతకు ముందుగానే రుచి చూపును.

మన యక్షగానమును, పద్యనాటకమును ఎఱిగినవారికి ఇది మఱీ వింతగా తోచదు. అయితే ఒక భేదము కలదు. మన పద్యనాటకములో నటుడు రాగమును తన శక్తికొలది పెంచి పాడవచ్చును. ప్రేక్షకులు మెచ్చి "వన్స్ మోర్" అన్నచో అదే పద్యమును మఱల ఎత్తుకొనవచ్చును. ఒపేరాలో ప్రతి స్వరమును, ప్రతి వాద్యము చేయవలసిన పనిని కర్త ముందుగానే కాగితముపై వ్రాసి యుంచును. అందువలన ఒపేరాకు సంగీతము కూర్చువాడు గాయకులకును, వాద్యబృందమునకును, కథాగమనమునకును ఒక్కడే బాధ్యుడగును. కీర్తి వచ్చినను అతనిదే, అపకీర్తి వచ్చినను అతనిదే.

బాల్యము, విద్య

బిజే 1838వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన పారిస్ నగరములో జన్మించెను. ఆనాటికి మన యానాము ఫ్రెంచి పాలనలోనే యుండెను. కావున మన తెలుగు పట్టణము నొకదానిని ఆయన కాలపు ఫ్రాన్సు పరిపాలించుచుండెనని చెప్పవచ్చును. తండ్రి మొదట క్షౌరవృత్తిని, టోపీజుట్టు తయారుచేయు పనిని చేసి, పిమ్మట దానిని విడిచి గాత్రము నేర్పు ఉపాధ్యాయుడయ్యెను. తల్లి పియానో వాయించుటలో నేర్పరి. తండ్రి శిష్యులకు పాఠము చెప్పుచుండగా బాలుడు వినుచు, ఆ పాటలను తప్పులేకుండ తిరిగి పాడుచుండెడివాడట. పదియవ యేడు నిండకముందే, 1848వ సంవత్సరము అక్టోబరులో, పారిస్ సంగీత కళాశాలలో అతనికి ప్రవేశము లభించెను. ఆ కళాశాలలో అంత చిన్నవారిని చేర్చుకొనుట సామాన్యముగా లేదు.

1855వ సంవత్సరములో, పదునేడేండ్ల వయస్సులో, బిజే వాద్యబృందము కొఱకు ఒక సింఫనీని రచించెను. దాని నాయన అచ్చు వేయింపలేదు, ప్రదర్శింపనులేదు. ప్రక్కన పెట్టెను. ఆయన మరణానంతరము ఆ వ్రాతప్రతి సంగీత కళాశాల గ్రంథాలయమునకు చేరి, అచ్చట ఎవరి దృష్టికిని రాక పడియుండెను. 1933వ సంవత్సరములో దానిని కనుగొనిరి. 1935వ సంవత్సరము ఫిబ్రవరిలో స్విట్జర్లాండులోని బాసెల్ నగరములో అది మొదటిసారి వినిపించెను. పదునేడేండ్ల విద్యార్థి రచనను లోకము వినుటకు ఎనుబది సంవత్సరములు పట్టెను. నేడది ప్రపంచములోని వాద్యబృందములు తఱచుగా వాయించు రచనలలో ఒకటి. విద్యార్థులు వ్రాసిన కాగితములను తేలికగా పారవేయు మనవంటి ఉపాధ్యాయులు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఇది.

1857వ సంవత్సరములో ఆయన 'ప్రీ ద రోమ్' అను గొప్ప బహుమానమును గెలుచుకొనెను. అది ప్రభుత్వము ఖర్చుతో ఇటలీలో నివసించుచు విద్య పెంపొందించుకొనుటకు వీలు కలిగించునది. 1860 వఱకు ఇటలీలో గడిపి ఆయన పారిస్‌కు మరలెను.

జీవనపోరాటము

బహుమానము వచ్చినంత మాత్రమున భుక్తి లభింపదు. ఆ కాలపు పారిస్‌లో పెద్ద ఒపేరా మందిరములు పేరుపొందిన పాత రచనలనే మఱలమఱల ప్రదర్శించుచుండెను. కొత్తవారికి తలుపు తెఱచుట అరుదు. బిజే పియానో పాఠములు చెప్పియు, ఇతరుల ఒపేరాలను పియానోపై వాయించుటకు అనువుగా కుదించి వ్రాసియు కాలము గడపెను. ఈ రెండవ పనిని గూర్చి ఒక మాట చెప్పవలెను. పెద్ద వాద్యబృందము కొఱకు వ్రాసిన సంగీతమును రెండు చేతులతో ఒక్క వాద్యముపై వాయించునట్లు చేయుటకు, ఏ స్వరము ప్రాణము, ఏ స్వరము అలంకారము అని తెలిసి యుండవలెను. ప్రాణమును నిలిపి అలంకారమును విడువవలెను. నూరు సంవత్సరములు గడచిన పిదప వీడియో ఆటల పనివారు ఆయన సంగీతమునకే ఈ పనిని చేసిరి.

1863వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన ఆయన ఒపేరా 'ముత్యముల వేటగాండ్రు' ప్రదర్శింపబడెను. అందలి కథ సింహళద్వీపమున జరుగును. రచయితలు మొదట మెక్సికో దేశమును అనుకొని, పిదప సింహళమునకు మార్చిరట. అందలి నాయిక బ్రహ్మదేవుని సేవకు అంకితమైన కన్య. బ్రహ్మకు గుడులు మిక్కిలి అరుదని మన చిన్నపిల్లలకు సైతము తెలియును. పారిస్‌లో కూర్చుండి కథ అల్లినవారికి అది తెలియలేదు. బిజే భారతదేశమునుగాని సింహళమునుగాని చూచినవాడు కాడు. ఐనను ఆ ఒపేరాలో ఇద్దరు మిత్రులు కలసి పాడు పాట మాత్రము నేటికిని ప్రపంచమంతట మన్ననలు పొందుచున్నది. ఆనాడు పదునెనిమిది ప్రదర్శనలతో ఆ రూపకము ఆగిపోయెను. పత్రికలు చాలవఱకు మెచ్చుకొనలేదు. బెర్లియోజ్ అను పెద్ద సంగీతకర్త మాత్రము మెచ్చి వ్రాసెను.

1869లో తన గురువైన హలేవీ కుమార్తె జెనెవీవ్‌ను ఆయన వివాహమాడెను. 1870లో ప్రష్యాతో యుద్ధము రాగా జాతీయ రక్షక దళములో చేరెను. యుద్ధము ముగిసిన 1871వ సంవత్సరములోనే ఆయన 'పిల్లల ఆటలు' అను పేరుతో పండ్రెండు చిన్న రచనలను కూర్చెను. ఒకే పియానో ముందు ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి వాయింపవలసినవి అవి. ఉయ్యాల, బొంగరము, బొమ్మ, కొయ్యగుఱ్ఱములు, సబ్బు బుడగలు, కండ్లగంతలు, ఒకరిపై నుండి ఒకరు దుముకు ఆట, మగడు పెండ్లాము ఆట మొదలైన వాటికి ఒక్కొక్క రచన. బొంగరము రచనలో స్వరములు గిఱగిఱ తిరిగి, వేగము తగ్గి, మఱల తిరుగును. ఉయ్యాల రచనలో అవి మీదికి పోయి క్రిందికి వచ్చును. పిల్లల ఆటను ఇంత శ్రద్ధగా గమనించిన సంగీతకర్తలు అరుదు. ఆయన బాణీలు తుదకు పిల్లల ఆటలలోనికే వచ్చి చేరుట కాలము చేసిన చమత్కారము.

కార్మెన్

పారిస్‌లోని ఒపేరా-కొమిక్ అను నాటకశాల కొఱకు బిజే తన చివరి రూపకమును వ్రాసెను. ప్రాస్పర్ మెరిమే అను రచయిత 1845లో ప్రకటించిన కథ దానికి ఆధారము. స్పెయిను దేశములోని సెవిల్ నగరములో పొగాకు కార్ఖానాలో పనిచేయు కార్మెన్ అను స్త్రీని డాన్ హోసే అను సైనికుడు ప్రేమించి, ఆమె కొఱకు కొలువు విడిచి, పరువు పోగొట్టుకొనును. ఆమె మనసు ఎస్కమిల్లో అను ఎద్దుల పోటీవీరునిపైకి మరలును. తుదకు పోటీ మైదానము వెలుపల హోసే ఆమెను పొడిచి చంపును.

ఆ నాటకశాల కుటుంబములు కూడి వచ్చునట్టిది; పెండ్లిచూపులు సైతము అచ్చట జరుగుచుండెను. అట్టి వేదికపై కూలిపని చేయు స్త్రీ నాయిక యగుటయు, ఆమెను ప్రేక్షకుల కన్నులయెదుట చంపుటయు నాటకశాల అధికారులకు రుచింపలేదు. గుంపుగా నిలిచి పాడుటకు అలవాటుపడిన గాయనీమణులు, రంగముపై పొగ త్రాగుచు, జగడమాడుచు, నటించుచు పాడవలసి వచ్చినందుకు మొఱపెట్టుకొనిరి. వాద్యకారులు తమ భాగములు వాయింప శక్యముకానివని ఆక్షేపించిరి. బిజే వెనుదీయలేదు.

1875వ సంవత్సరము మార్చి 3వ తేదీన మొదటి ప్రదర్శనము జరిగెను. మొదటి అంకమునకు చప్పట్లు వచ్చెను. అంకములు గడచిన కొలది సభ చల్లబడెను. చివరి అంకము ముగియునప్పటికి దాదాపు నిశ్శబ్దము. మఱునాటి పత్రికలలో పలువురు విమర్శకులు కథ నీతిబాహ్యమనిరి; సంగీతములో బాణీలు లేవనిరి. నేడు బాణీల కొఱకే లోకము తలచుకొను రచనను గూర్చి ఆనాటివారు వ్రాసినది ఇది!

మూడు మాసములలో ముప్పదికి పైగా ప్రదర్శనలు జరిగినను నాటకశాల నిండలేదు. చిన్ననాటి నుండి గొంతు వ్యాధితో బాధపడుచుండిన బిజే ఆరోగ్యము క్షీణించెను. మే మాసాంతమున పారిస్ సమీపమునందలి బూజివాల్ గ్రామమునకు పోయి, అచ్చటి నదిలో స్నానము చేసిన పిమ్మట జబ్బుపడి, గుండెపోటు వచ్చి, 1875 జూన్ 3వ తేదీన మరణించెను. వయస్సు ముప్పదియాఱేండ్లు. ఆ దినము ఆయన వివాహదినము. తన రచన విఫలమైనదన్న భావముతోనే ఆయన కన్ను మూసెను.

అదే సంవత్సరము అక్టోబరులో వియన్నా నగరమున కార్మెన్ ప్రదర్శింపబడి ఘనవిజయము పొందెను. మాటల భాగములను పాటగా మార్చు పనిని బిజే మిత్రుడు గిరో పూర్తిచేసెను. బ్రాహ్మ్స్ మహాశయుడు ఆ రూపకమును ఇరువదిసార్లకు పైగా చూచెనని చెప్పుదురు. రష్యా సంగీతకర్త చైకోవ్‌స్కీ 1880లోనే, పదియేండ్లలో ఇది ప్రపంచమున అన్నిటికంటె ప్రజాదరణ పొందిన ఒపేరా కాగలదని వ్రాసెను. ఆయన జోస్యము ఇంచుమించు ఫలించెను. చల్లబడిన ఆ పారిస్ నాటకశాలలోనే 1904లో కార్మెన్ వేయవ ప్రదర్శనము జరిగెను.

బాణీలలోని విశేషము

కార్మెన్ ప్రారంభమున వాద్యములు వాయించు భాగములో మూడు విషయములు వరుసగా వచ్చును. మొదటిది ఎద్దుల పోటీకి జనము ఊరేగింపుగా పోవు ఉత్సాహము. రెండవది పోటీవీరుని పాట. మూడవది కార్మెన్ విధిని సూచించు చిన్న స్వరమాల.

ఈ మూడవదానిని గూర్చి మన సంగీతము తెలిసినవారికి ఒక ముచ్చట చెప్పవలెను. అందలి ఐదు స్వరములను, షడ్జమమును తగినచోట నిలిపి, మన పద్ధతిలో వ్రాసినచో మ–గ–రి–గ–స అని వచ్చును. అవి మాయామాళవగౌళ స్వరములు. అనగా సరళీవరుసలు నేర్చుకొను మన పిల్లలు మొదటి దినమున పట్టుకొను స్వరములు! రిషభమునకును గాంధారమునకును నడుమ గల ఆ పెద్ద అంతరము పాశ్చాత్యుల చెవికి వింతగా, కీడు శంకించునట్లుగా వినిపించును. మనకదే పొద్దున్నే ఇంటింట వినిపించు చదువు. బిజేకు మన సంగీతము తెలియదు, పోలిక కాకతాళీయము. కాని దీనివలన ఒక సత్యము తెలియుచున్నది. స్వరమునకు భావము స్వరములోనే సంపూర్ణముగా ఉండదు. వినువాని అలవాటులోను, వినిన సందర్భములోను కొంత ఉండును. ఈ సత్యము వీడియో ఆటల విషయమున మఱల మనకు పనికివచ్చును.

కార్మెన్ రంగప్రవేశము చేయునపుడు పాడు 'హబనేరా' పాటకును ఒక కథ కలదు. క్యూబా దేశపు హవానా నగరము పేరుతో ఏర్పడిన నాట్యగతి అది. ఆ బాణీని బిజే జానపదగేయమనుకొని గ్రహించెను. అది ఇరాడియర్ అను స్పెయిను సంగీతకర్త రచన అని పిదప తెలియగా, అచ్చుప్రతిలో ఆ సంగతిని పేర్కొనెను. ఎరువు తెచ్చుకొన్నవాడు ఎవరి సొమ్మో చెప్పుట మర్యాద.

వీడియో ఆటలోనికి వచ్చిన విధము

పాత సంగీతమును ఆటలు చేయువారు ఎందుకు వాడుదురు? కారణములు ముఖ్యముగా మూడు.

మొదటిది చట్టము. రచయిత హక్కు శాశ్వతము కాదు. మన దేశములో రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరములకు, ఫ్రాన్సులో సామాన్యముగా 70 సంవత్సరములకు అది ముగియును. అటుపిమ్మట రచన లోకమందఱి సొత్తు. 1875లో మరణించిన బిజే రచనను ఎవరైనను రుసుము చెల్లింపకుండ వాడుకొనవచ్చును. అయితే ఒక వాద్యబృందము ఇటీవల వాయించి ముద్రించిన రికార్డుకు వేఱే హక్కు ఉండును. దానిని అనుమతి లేక వాడరాదు. బాణీ వేఱు, రికార్డు వేఱు.

రెండవది పరికరముల పరిమితి. జపానులోని నింటెండో సంస్థ 1983లో ఆ దేశమున విడుదల చేసిన ఇంటి ఆటయంత్రములో ధ్వనికి ఐదు మార్గములు మాత్రమే ఉండెను. రెండు మార్గములు స్వరము పలుకును. ఒకటి మంద్రస్వరమునకు అనువైనది. ఒకటి గాలి వీచినట్టి చప్పుడు చేయును; దానినే తాళమునకు ముక్కలుగా వాడుదురు. ఐదవది ముందుగా నింపిన చిన్న ధ్వనులను పలికించును. నిండు వాద్యబృందమును ఈ ఇఱుకు గదిలో కూర్చుండబెట్టవలెను. మూడు స్వరములు ఒక్కసారి పలుకవలసినచోట, వాటిని మెఱుపువేగముతో ఒకదాని వెంట ఒకటిగా పలికించి, చెవిని భ్రమింపజేయుదురు. ఇట్టి కుదింపును తట్టుకొని నిలువవలెనన్నచో బాణీ బలమైనదై యుండవలెను. వస్త్రాభరణములు తీసివేసినను ముఖము గుర్తుపట్టునట్లుండవలెను. బిజే బాణీలు అట్టివి.

మూడవది పరిచయము. పేరు తెలియకపోయినను కోట్లమంది ఆ బాణీని ఎచ్చటనో వినియుందురు. ఆట తయారుచేయువాడు ఆ జ్ఞాపకమును వాడుకొనును.

టెట్రిస్ అను ఆట మన పిల్లల తల్లిదండ్రులలో పలువురకు చిన్ననాట తెలిసినదే. పైనుండి జాఱు ముక్కలను అటునిటు త్రిప్పి ఖాళీ లేకుండ పేర్చు ఆట. దానిని 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించెను. 1989లో నింటెండో సంస్థ తన ఇంటి యంత్రమునకు విడుదల చేసిన టెట్రిస్‌లో, ఆడునపుడు వినిపించు బాణీలలో ఒకటి చైకోవ్‌స్కీ నాట్యరూపకము నుండి తీసుకొనినది. గెలిచినపుడు ముగింపులో వినిపించునది కార్మెన్ ప్రారంభములోని ఊరేగింపు బాణీ. దీనిని యంత్రమునకు అనువుగా కూర్చినవాడు హిరోకాజు తనాకా. ఊరేగింపు ఉత్సాహమును విజయోత్సాహమునకు వాడుట సముచితమే. కార్మెన్ కీర్తిని ముందుగా ఊహించిన చైకోవ్‌స్కీయు, ఆ కీర్తిని చూడక మరణించిన బిజేయు, నూఱేండ్లకు పైగా గడచిన పిదప ఒక చిన్న ఆటపెట్టెలో ఇరుగుపొరుగు లైరి.

ఒపేరాకును ఆటకును ఒక మౌలిక భేదము కలదు. ఒపేరాలో కాలమునకు కర్త ప్రభువు. ఏ క్షణమున ఏ స్వరము రావలెనో అతడు నిర్ణయించును. ఆటలో కాలమునకు ఆడువాడు ప్రభువు. అతడు ఎప్పుడు ముగించునో ముందుగా తెలియదు. కావున ఆట సంగీతము చక్రమువలె తిరిగి తిరిగి రావలెను. ఆ టెట్రిస్‌లో ముక్కల గుట్ట పైకప్పునకు చేరువగుచున్నచో సంగీతము వేగము పుంజుకొనును. ఆడువాని గుండెయు దానితోపాటు వేగము పుంజుకొనును. పిల్లలను ఆట విడువనీయని కారణములలో సంగీతము పాత్రయు ఉన్నదని తల్లిదండ్రులు ఎఱుగవలెను.

భయమునకు వాడిన బాణీ

గత సంవత్సరము మా ఆఱవ తరగతి బాలుడొకడు వరండాలో పోటీవీరుని పాటను కూనిరాగముగా తీయుచుండెను. స్వరము ఒక్కటియు తప్పిపోలేదు. "ఇది యెక్కడి బాణీ, నాయనా?" అని యడిగితిని. "ఎలుగుబంటి ఆటలోనిదండీ మాస్టారూ! కరెంటు పోయినప్పుడు వస్తుంది. అది వస్తే ఇక అయిపోయినట్టేనండీ!" అని చెప్పెను. అతని మాటను పట్టుకొని విచారింపగా తెలిసిన సంగతి ఇది.

2014వ సంవత్సరము ఆగస్టులో స్కాట్ కాథన్ అను అమెరికా దేశస్థుడు 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్' అను ఆటను విడుదల చేసెను. ఆడువాడు ఒక ఫలహారశాలకు రాత్రి కాపలాదారు. పగలు పిల్లలను అలరించు యంత్రపు బొమ్మలు రాత్రివేళ తమంత తామే తిరుగాడును. అర్ధరాత్రి నుండి ఉదయము ఆఱు గంటల వఱకు, పరిమితమైన విద్యుత్తుతో తలుపులను, దీపములను వాడుకొనుచు ప్రాణము దక్కించుకొనవలెను. విద్యుత్తు అయిపోయినచో అంతయు చీకటి. ఆ చీకటిలో ఎలుగుబంటి బొమ్మ ముఖము మినుకుమినుకుమని వెలుగును. తాళపుచెవి త్రిప్పిన పాటపెట్టెలో నుండి వచ్చినట్లు పోటీవీరుని పాట వినిపించును. పాట ఆగిన పిమ్మట బొమ్మ మీదికి దుముకును. పాట సాగుచుండగా ఆఱు గంటలైనచో ఆడువాడు బ్రతికిపోవును.

వీరుని విజయగీతము భయసూచకముగా మాఱినదేమి అని మనము కోపింపవచ్చును. కాని ఒక్కసారి కార్మెన్ చివరి అంకమును తలచుకొనుడు. మైదానములోపల వీరుడు గెలుచుచున్నాడు. జనము జయధ్వానములు చేయుచు అతని పాటనే పాడుచున్నారు. మైదానము వెలుపల, ఆ పాట వినిపించుచుండగనే, కార్మెన్ ప్రాణము పోవుచున్నది. ఉత్సాహగీతమును మరణము ప్రక్కన నిలిపినవాడు మొదట బిజేయే. సంతోషగీతము వినిపించుచుండగా దుఃఖము జరిగినచో ఆ దుఃఖము ఇనుమడించునని ఆయన ఎఱుగును. ఆట చేసినవాడు కార్మెన్‌ను తలచుకొని ఆ పని చేసెనో లేదో గాని, బాణీ మాత్రము తన పాతచోటికి సమీపముననే చేరెను.

అయినను మా విద్యార్థికి ఆ బాణీ భయమునకు గుర్తు మాత్రమే. దాని వెనుక ఒక నగరము, ఒక కథ, ముప్పదియాఱేండ్లకు ముగిసిన ఒక జీవితము ఉన్నవని అతనికి తెలియదు. అతనిని కూర్చుండబెట్టి కార్మెన్ ప్రారంభమును వినిపించితిమి. వినినంతసేపును అతడు కదలలేదు. పిమ్మట, "ఇంత పెద్దదా అండీ ఇది!" అనెను. ఐదు మార్గముల పెట్టెకును నిండు వాద్యబృందమునకును గల భేదమును నేను ఇంతకంటె బాగుగా చెప్పలేను.

తల్లిదండ్రులకు మనవి

ఆటలను పూర్తిగా నిషేధింపవలెనని యొకరు, పిల్లలను తమ ఇష్టమునకు వదలవలెనని యొకరు చెప్పుచుందురు. ఈ రెండు మార్గములును సులభములే. రెండింటిలోను పెద్దలకు శ్రమ లేదు. శ్రమగల మార్గము మూడవది. దానిని గూర్చి కొన్ని మాటలు.

ఒకటి: బిడ్డ ఏ ఆట ఆడుచున్నదో తెలిసికొనుడు. పైన చెప్పిన భయానక క్రీడ చిన్నపిల్లలకు తగినది కాదు. బొమ్మలు కనబడినంతమాత్రమున అది బొమ్మలాట అనుకొనరాదు. చాల ఆటలకు తగిన వయస్సును సూచించు గుర్తు ఉండును. దానిని చూచి మఱీ అనుమతింపుడు.

రెండు: ఆటకు వేళ నిర్ణయింపుడు. సంగీతము చక్రమువలె తిరుగునని ముందే చెప్పితిమి. చక్రము తనంత తాను ఆగదు, ఆపువాడు ఉండవలెను.

మూడు: ఆటలో బాగున్న బాణీ వినబడినచో, అది ఎవరిదని బిడ్డను అడుగుడు. తెలియదన్నచో కలసి వెదకుడు. మూలరచనను కలసి వినుడు. కార్మెన్ ప్రారంభ భాగము వినుటకు నాలుగు నిమిషములు చాలును. 'పిల్లల ఆటలు' నందలి బొంగరము నిమిషము సేపైనను పట్టదు. ఇంట సంగీతము నేర్చుకొను బిడ్డ యున్నచో విధిని సూచించు ఆ ఐదు స్వరములను పాడించి చూడుడు.

నాలుగు: బిడ్డ చేసిన పనిని గూర్చి తొందరపడి తీర్పు చెప్పకుడు. విద్యార్థి దశలోని సింఫనీని లోకము ఎనుబది సంవత్సరములకు వినెను. మొదటి రాత్రి చల్లగా ముగిసిన కార్మెన్ ఎనిమిది మాసములు తిరుగకముందే వియన్నాలో గెలిచెను. తీర్పు చెప్పినవారిలో పలువురు చదువుకొన్నవారే, సంగీతము ఎఱిగినవారే. ఐనను పొరపడిరి. ఒక పరీక్షలో వచ్చిన మార్కులను చూచి బిడ్డ యోగ్యతను తేల్చివేయు మనము వారికంటె జాగ్రత్తగా నుండవలెను. బిజేకు ఆ ఎనిమిది మాసముల ఆయువు మిగులలేదు. మన బిడ్డలకు చాలినంత కాలము ముందున్నది. వారికి దానిని ఇచ్చువారము మనమే.